తడి గోనెసంచుల కంప్యూటర్ డిపార్ట్‌మెంట్

ఆ రోజుల్లో రాయాలన్న కోరిక నాకు లేకపోలేదు, లేనివి అక్షరాలే. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, దుకాణంలో హిందీ గలగలా మాట్లాడేదాన్ని గానీ, ఏ భాషలోనూ బస్సు బోర్డు చదవడం వచ్చేది కాదు. సోలాపూర్ కొంతం చౌక్‌లో నిలబడి, ముఖం చూస్తే మంచిదనిపించిన ముసలమ్మ ఎవరైనా ఎక్కితే ఆమె వెనకే ఎక్కేదాన్ని. (అలా ఒకసారి హోట్గి రోడ్డులో తెలియని వాళ్ళ బారసాలకు వెళ్ళి భోజనం చేసి వచ్చాను.) మోకాళ్ళు పట్టేసి, మనవరాళ్ళు పుట్టాక, మా పేట మహిళా మండలి వాళ్ళు సాయంత్రం బడి పెడితే అందులో చేరి నేర్చుకున్నాను. చదవడం వచ్చాక తెలిసిందేమిటంటే, లోకంలో రాసి ఉన్నవాటిలో సగం ‘ఇక్కడ ఉమ్మివేయరాదు’ అనేదే. ఈ మాత్రం రాతలకు ఇన్నాళ్ళు భయపడ్డానా అని నవ్వుకుని, అంతకంటే కాస్త మేలైనది నేనూ రాయగలనని కూర్చున్నాను.

మా సోలాపూర్ పేటలో మగవాళ్ళు మగ్గం మీద, ఆడవాళ్ళు బీడీల చేట ముందు. పెళ్ళైన కొత్తలో నన్నూ అత్త పక్కన కూర్చోబెట్టారు. ఆవిడ చేతిలో బీడీలు అచ్చు పోసినట్టు వచ్చేవి. నావి మాత్రం కొన్ని గర్భిణీ స్త్రీల్లా, కొన్ని ఉపవాసం ఉన్నవాళ్ళలా వచ్చేవి. కంపెనీవాడు ఏరి పారేసినప్పుడల్లా అత్త వీధంతా వినేలా, “నీ బీడీ తాగెటోనికి పొగ రాదే, ఏడుపొస్తది” అనేది. ఆ చేట ముందునుంచి ఎలా లేవాలా అని నేను చూస్తుండగానే, మా ఆయన పనిచేసే తువ్వాళ్ళ కారఖానాలోకి కంప్యూటర్ వచ్చింది. దాని గది ఊడవడానికి ఒక ఆడమనిషి కావాలన్నారు. అత్త వద్దనే లోపల నేను చీపురుతో సహా అక్కడున్నాను.

నూలు గోదాములో సగం ఖాళీ చేసి, చుట్టూ అద్దాలు బిగించి, చల్లటి గాలి మెషిన్ పెట్టారు. సోలాపూర్ ఎండాకాలంలో ఆ గదిలోకి అడుగుపెడితే ఒళ్ళంతా కొత్తగా పుట్టినట్టుండేది. సేటు గదిలో సైతం బల్ల మీది ఫ్యానే. అందుకని ఆయన రోజూ మధ్యాహ్నం భోజనం చేసి ‘చెకింగ్’కు వచ్చేవారు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, గురక పెడుతూ చెక్ చేసేవారు. లోపలికి చెప్పులు నిషేధం. ఎవరొచ్చినా విడిపించడం, అవి మారిపోకుండా చూడడం నా పనే. మా పేటలోనే పుట్టి పూణెలో చదివొచ్చిన కుర్రాడు దాన్ని నడిపేవాడు. నేను సారూ అనేదాన్ని, మా ఆయన వరస చూసుకుని అతను నన్ను ‘వైనీ’ అనేవాడు. వదినను మరాఠీలో అలాగే అంటారు. ఒక మనిషి, ఒక పెట్టె, ఒక కుర్చీ. దానికి బయట ‘కంప్యూటర్ డిపార్ట్‌మెంట్’ అని బోర్డు. (నేను ఆ లెక్కలోకి రాను. చీపురును ఎవరూ డిపార్ట్‌మెంట్ అనరు.)

మొదట్లో ఆ పెట్టెను చూడ్డానికి జనం చేతులు కట్టుకుని వచ్చేవారు. ఒకాయన బంతిపూలు కూడా పెట్టిపోయాడు. తర్వాత ఆఫీసులో ఫోను మూగబోయింది. “నువ్వు మెషిన్ల మనిషివి గదా, జర చూడు” అన్నారు. సారు పాపం చూశాడు. అది మోగింది. అంతే, అతని బతుకు మారిపోయింది. గోడ గడియారం ఆగినా, ఫ్యాను కొట్టుకున్నా, లెక్కలు రాసే దివాన్జీ కళ్ళజోడు మర ఊడినా కంప్యూటర్ డిపార్ట్‌మెంట్‌కే. సేటు ఇంట్లో టీవీలో బొమ్మ వణికితే సారు మేడెక్కి ఏరియల్ తిప్పేవాడు, నేను వాకిట్లో నిలబడి “వచ్చింది సారూ... అరె, పోయింది!” అని అరిచేదాన్ని. పూణెలో అంత చదువు చదివింది దీనికోసమేనా అని అతని ముఖం అడుగుతుండేది. కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉండేది ఎక్కువ, తీసి ఉండేది తక్కువ.

“ఏం బాబూ, నీ పెట్టె నిద్రపోతున్నదా?” అని దివాన్జీ దారిన పోతూ అడిగేవారు.

“దాన్ని లేపేటందుకు నాకు సుట్టీ ఏది, దివాన్జీ? మీ కళ్ళజోడు ఇంకా నా జేబుల్నే ఉన్నది” అనేవాడు సారు.

ఇంతలో బొంబాయి నుంచి తువ్వాళ్ళు కొనే పెద్ద వ్యాపారులు వస్తున్నారని తెలిసింది. సేటు మా గదిలోకి వచ్చి, ఆ రోజు నిద్రపోకుండా మాట్లాడారు. “వాండ్ల ముంగట ఆ మెషిన్ల నుంచి కాయితం సక్కగ రావాలె. రాకుంటే ఈ డిపార్ట్‌మెంట్ గిపార్ట్‌మెంట్ బంద్. మళ్ళ నూలు బస్తాలు పెట్టిస్త.” సారు ముఖం పాలిపోయింది. నా ముఖం నాకు కనిపించలేదు గానీ, కళ్ళముందు బీడీల చేట మాత్రం కనిపించింది.

ఎందుకంటే కాగితం చక్కగా రావడం లేదు. ఆ అచ్చు మెషిన్ మామూలుది కాదు. మడతలు మడతలుగా ఉన్న పొడుగాటి కాగితాన్ని కిందినుంచి లాక్కుంటుంటే, పైన ఒక ముక్క అటూ ఇటూ ఉరుకుతూ కిరకిరమని అచ్చు కొట్టేది. సగంలో పర్రున చిరిగేది. సారు మళ్ళీ ఎక్కించేవాడు, మళ్ళీ పర్రుమనేది. మూడు తరాల నేతపనివాళ్ళ ఇంట పుట్టినదాన్ని, నాకు చూడగానే అర్థమైపోయింది. కింద నుంచి వచ్చేది పడుగు, పైన ఉరికేది పేక పోగు మోసే నాడె. ఇది మగ్గమే! ఎండాకాలం గాలి పొడిబారితే మగ్గం మీద పోగులు తెగవా? తెగితే మనమేం చేస్తాం? నేల మీద నీళ్ళు కొడతాం, చుట్టూ తడి గోనెసంచులు కడతాం. పూణెలో ఇంత చిన్న సంగతి చెప్పలేదేమిటా అని జాలిపడ్డాను.

వ్యాపారులు వచ్చే రోజు అందరికంటే ముందు వెళ్ళాను. గోదాములోని గోనెసంచులన్నీ తడిపి అద్దాలకు కట్టాను. చల్లగాలి మెషిన్ మూతికి ఒకటి, కాగితాల కట్ట మీద మరొకటి. నేల మీద బిందెడు నీళ్ళు కొట్టి, చాలవేమోనని ఇంకో బిందె తెచ్చాను.

సారు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. “వైనీ... గిదేంది?”

“పోగులు తెగవు సారూ. ఇగ చూడు.”

“ఇవి పోగులు కాదు వైనీ, కాయితం!”

“నూలైతేంది, కాయితమైతేంది సారూ. ఎండకు ఏదైనా తెగుతది.”

అతను సంచులు విప్పబోయేసరికే బయట కారు ఆగింది. సేటు వ్యాపారులను గది దాకా నడిపించుకొచ్చారు. అద్దాలకు సంచులు, సందుల్లో ఆవిరి పట్టి లోపల ఏముందో కనిపించడం లేదు. నేను మర్యాదగా అందరి బూట్లూ విడిపించాను. (అక్కడే చెడింది.) మేజోళ్ళతో సేటు ముందడుగు వేశారు. ఆ అడుగు తలుపు దగ్గర మొదలై కంప్యూటర్ బల్ల దగ్గర ఆగింది, మధ్యలో ఆయన ప్రమేయం ఏమీ లేదు. పట్టుకోబోయిన సారు కూడా ఆయనతో పాటే వెళ్ళాడు. ఇద్దరూ కౌగిలించుకుని బల్లకు ఆనుకున్నాక, సారు ఆ స్థితిలోనే చెయ్యి చాచి మీట నొక్కాడు. కిరకిరమంటూ కాగితం వచ్చింది. ఒట్టు, ఎక్కడా చిరగలేదు! కానీ నానిన అప్పడంలా వేలాడుతూ, అక్షరాలన్నీ కాటుక కారినట్టు కారుతూ వచ్చింది. వ్యాపారుల్లో పెద్దాయన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, “సేఠ్‌జీ, మేం చూడ్డానికొచ్చిన కొత్త తువ్వాలు ఇదేనా?” అని హిందీలో అడిగాడు. అందరూ నవ్వారు. అప్పుడే లోపలెక్కడో టప్‌మని పేలి గదిలో చీకటైంది. వ్యాపారులు గోడ పట్టుకుని బయటికొచ్చి, అసలు తువ్వాళ్ళు చూడ్డానికి దివాన్జీ వెంట మగ్గాల వైపు వెళ్ళిపోయారు.

సేటు తడిసిన మేజోళ్ళతో తన గదిలో నిలబడి మమ్మల్నిద్దరినీ పిలిపించారు. “నువ్వు రేపట్నుంచి రాకు” అన్నారు నాతో. సారుతో, “నువ్వు భీ రాకు. నూలు బస్తాలే నయం, వాటి మీద నేనెన్నడు జారలె.”

నేను అత్త ముఖాన్ని తలుచుకుంటూ నిలబడ్డాను. అప్పుడు ఫోను మోగింది. సేటమ్మగారు. ఆవిడ గొంతుకు ఫోను అవసరం లేదు, మాకందరికీ వినిపించింది. “ఇగో, మిక్సీ ఆగిపోయింది! బొంబాయోళ్ళకు పూరన్‌పోళి అన్నరు గదా, పప్పు ఉడికి కూసున్నది, రుబ్బెటోళ్ళు లేరు. ఆ కంప్యూటర్ పిల్లగాన్ని లౌకర్, జల్ది తోలుండ్రి!”

సేటు ఫోను చేత్తో మూసి సారు వైపు చూశారు. సారు పైకప్పు వైపు చూశాడు.

“నన్ను తీసేసిండ్రు గదా, సేట్‌జీ.”

“ఎవరన్నరు తీసేసిన్నని? ఉరుకు!”

“మరి వైనీ?”

“ఆమెకేంది సంబంధం? ఊడ్సేటామె.”

“కాదు సేట్‌జీ. మాది డిపార్ట్‌మెంట్. ఇద్దరం. ఉంటే ఇద్దరముంటం, పోతే ఇద్దరం పోతం.”

ఫోనులోంచి “వింటున్నరా? పప్పు గడ్డకడుతున్నది!” అని మళ్ళీ వినిపించింది. సేటు కళ్ళు మూసుకుని, చెకింగ్‌లో లాగే తల వెనక్కి వాల్చి, “సరే పోండ్రి, ఇద్దరు పోయి పప్పు రుబ్బుండ్రి” అన్నారు. సారు మిక్సీ విప్పి బాగుచేశాడు, నేను బొబ్బట్లకు పూర్ణం రుబ్బాను. బొంబాయి పెద్దాయన నాలుగు పోళీలు తిని ఆర్డరు ఇచ్చాడట. మా డిపార్ట్‌మెంట్ నిలబడింది కంప్యూటర్ వల్ల కాదని కారఖానా అంతటికీ తెలుసు. సారు మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు.

మర్నాడు పొద్దున్నే లేచి, తలంటుకుని, పెళ్ళిళ్ళకు మాత్రమే కట్టే జరీ చీర తీసి కట్టుకున్నాను. అత్త ఆకు కత్తిరిస్తూ కత్తెర ఆపి, “ఎవరి లగ్గమే పొద్దుగాల పొద్దుగాల?” అంది. “లగ్గం గాదు అత్తా, డిపార్ట్‌మెంట్‌కు పోతున్న” అన్నాను. ఆ మాటకు అర్థం ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు. వీధి పొడుగునా తల ఎత్తుకుని నడిచి, గదిలోకి వెళ్ళి, జరీ అంచు తడవకుండా కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, నిన్నటి నీళ్ళన్నీ ఎత్తిపోశాను.