పదకొండు వానాకాలాలకు లొంగని పలక

కల్లాయి కోతమిల్లుల్లో బీపాత్తు ఇరవయ్యేళ్లు రంపపు పొట్టు ఎత్తింది. తర్వాత అదే వీధిలో మొయిదీన్ షెడ్డు తెరిచాడు. పాత ప్లాస్టిక్ కరిగించి, పొట్టు కలిపి పలకలు పోయడం అక్కడి పని. బీపాత్తు అందులో చేరింది.

చాలియార్ నది రేవులో జనం పడవెక్కే వంతెనకు కొయ్య పలకలు వేస్తే రెండు వానాకాలాలకే పుచ్చిపోయేవి. వాటి చోట మొయిదీన్ తన పలకలు బిగించాడు. ఒక్క వానకే అవి ఉబ్బి, మరలు వదిలేశాయి.

"ఇత్తా, మీ పలకలు నూనెలో వేసిన నెయ్‌పత్తిరి రొట్టెలా పొంగాయే!" అని పడవ నడిపే అలవి బీపాత్తు అక్కను చూసి పగలబడి నవ్వాడు.

మొయిదీన్ షెడ్డు మూసేద్దామనుకున్నాడు. బీపాత్తు మాత్రం ఊడిన పలకొకటి ఇంటికి మోసుకెళ్లి, కత్తితో చీల్చి చూసింది. తెల్లారగానే షెడ్డుకొచ్చింది.

"కాకా, మనం పచ్చి పొట్టు పోశాం. అదీ ఎక్కువ పోశాం. కోసిన కొసల్లోంచి నీళ్లు దిగాయి. పొట్టు నేను ఎండబెడతా. పాళ్లు తగ్గిద్దాం. కొసలకు కరిగిన ప్లాస్టిక్ పూద్దాం."

"ఇంజనీరమ్మలా చెప్తున్నావే!"

"ఇరవయ్యేళ్లు పొట్టు పీల్చాను. దాని బుద్ధి నాకు తెలీదా?"

ఆ ఎండాకాలమంతా రేకుల మీద పొట్టు ఆరబోసి, గుప్పెడు పట్టి నలిపి చూసి గాని ఆమె లోపలికి పంపలేదు. వానలకు ముందే కొత్త పలకలు రేవు చేరాయి.

పదకొండు వానాకాలాలు దాటాయి. ఉప్పుగాలికీ ఎండకీ పలకల రంగు వెలిసి బూడిదలా తేలింది. ముసలివైపోయాయి, తీసేసి ఇనుపరేకులు వేద్దామన్నారు అధికారులు. తేల్చడానికి శ్రీకల అనే ఇంజనీరు వచ్చింది. రేవంతా పోగైంది. బీపాత్తు జనం వెనకాల నిలబడింది.

శ్రీకల ఒక పలక విప్పించి అంచు కోయించింది. పైపొర వెలిసిందే గాని, లోపల నిన్న పోసినట్టే ఉంది. పలకను రెండు దిమ్మెల మీద పెట్టించి ఇసుక బస్తాలు ఎత్తించింది. నాలుగు. ఆరు. ఎనిమిది. పలక కాస్త వంగింది, విరగలేదు.

"ఆగండి మేడం, నేనూ ఎక్కుతా!" అంటూ అలవి బస్తాల మీదికెక్కి నిలబడ్డాడు. పలక మోసింది. జనం ఈలలు వేశారు.

"ఇవి తీయనక్కర్లేదు. మిగతా మూడు రేవులకూ ఇవే వేయించమని రాస్తున్నా," అంది శ్రీకల. "ఈ పాళ్లు కుదిర్చిందెవరు?"

మొయిదీన్ బీపాత్తును ముందుకు తోశాడు.

"ఇత్తా, రా, నా పడవలో కూర్చో. ఆవలి ఒడ్డున కూడా అందరికీ చెప్పాలి," అన్నాడు అలవి.

"కూర్చోనురా. పలక నిలబడింది, నేనూ నిలబడే వస్తా."

పడవ ముందు కొసన నిటారుగా నిలబడి బీపాత్తు చాలియార్ దాటింది.