పట్టుపురుగుల షెడ్డు పక్క పొలం

సోమవారం పదకొండు గంటలకు చింతామణి తాలూకా కచేరీలో గుమాస్తా ఒక తకరారు అర్జీని, అంటే అభ్యంతర పత్రాన్ని, శశికళ చేతికి ఇచ్చాడు.

నర్సుగా రిటైరైన ఆమె, కెంచార్లహళ్ళి దారిలోని తన ఎకరా పొలంలో మంచం దిగలేని ముసలివాళ్ళకు వసతిగృహం కట్టాలని ఏడాదిగా తిరుగుతోంది. వ్యవసాయ భూమిలో కట్టుకోవడానికి అనుమతి ఒక్కటే మిగిలింది.

అక్కడ చావులు తప్పవనీ, ఆ మైలకు తన షెడ్డులో పట్టుపురుగులు బతకవనీ అర్జీలో ఉంది. సంతకం పక్కపొలం మునిశామప్పది. పక్షవాతంతో మంచాన పడిన అతని తల్లికి రెండేళ్ళుగా ఒళ్ళు తుడుస్తున్నది శశికళే. అభ్యంతరం లేదని అందరికంటే ముందు సంతకం చేసిందీ అతనే.

శశికళ నేరుగా అతని షెడ్డుకు పోయింది. మునిశామప్ప పురుగులకు ఆకు వేస్తున్నాడు.

"ఏంటికప్పా ఇట్ల చేస్తివి?"

"నీ మింద కోపమేం లేదమ్మా. మా చిన్నాయన పోయిన వారానికే పురుగులన్నీ కుళ్ళిపాయె. ఇంట్లో ఆడోళ్ళు భయపడ్తాండారు."

"మీ అమ్మ పుండ్లు కడిగి ఈ షెడ్డు ముందరే పోతాంటి గదా. అప్పుడు యాడబోయింది మైల?"

"మాయమ్మ బతికే ఉండాది గదమ్మా!"

"అయితే ఆయమ్మను యాడ చావమంటావు?"

మునిశామప్ప ఇంకో తట్టలో ఆకు పరిచాడు.

అర్జీ మీద విచారణ ఇరవై రెండో తేదీన. గృహంలో చేర్చుకోమని తమ ముసలివాళ్ళ పేర్లిచ్చిన ఇళ్ళు పదకొండు. కచేరీకి వచ్చి శశికళ తరఫున మాట్లాడతామన్నవాళ్ళు ఇద్దరు.