మందు వేయని స్లైడు

2006లో మా హైదరాబాద్ ప్రయోగశాల నన్ను మూడు నెలల పనిమీద ఖమ్మంలోని ఒక దవాఖానాకు పంపింది. అప్పటికి నా హోదా సీనియర్ శాస్త్రవేత్త. నా అంచనాలో అంతకంటే చాలా పైన. త్వరగా పాకే మొండి క్యాన్సర్ కణాలకు అంటుకుని, నీలికాంతిలో పచ్చగా మెరిసే రసాయనాన్ని నాలుగేళ్లు కూర్చుని తయారుచేశాను. దాన్ని ప్రోబ్ అంటాం. భద్రాచలం అడవి పల్లెల నుంచి జబ్బు బాగా ముదిరాక వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి, పరీక్షకు ఖమ్మాన్నే ఎంచుకున్నాం.

కారేపల్లి నుంచి సైదమ్మ రొమ్ములో గడ్డతో వచ్చింది. సూదితో తీసిన ముక్కను మైనంలో బిగించి, పల్చగా కోసి స్లైడు చేసిచ్చారు. నా ప్రోబ్ వేసి చూస్తే అంతా పచ్చటి వెలుగు. ఇక నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పాథాలజీ రిపోర్టు ఇంకా రాలేదు. ప్రోబ్ ఫలితం రోగికి చెప్పకూడదన్న నియమం ఉంది. ఆ నియమం రాసిందీ నేనే. అయినా నోరు ఊరుకోలేదు. వరండాలో కూర్చున్న ఆమెకు, ఇది జోరుగా పాకే రకమని చెప్పేశాను.

"గట్లయితే కోతెందుకు సారూ? ఇంటికే పోత," అని ఆమె బస్సెక్కింది.

రెండు రోజులు నా పరిశోధనా వ్యాసానికి పేరు వెతుక్కున్నాను. మూడో రోజు ల్యాబ్ టెక్నీషియన్ మేరమ్మ అడిగింది: "సార్, మందు ఎయ్యని స్లైడ్ చూసిన్రా?"

చూడలేదు. నా ప్రోబ్ వేయని స్లైడుతో పోల్చి చూడాలన్నది కాలేజీ పిల్లలకు మొదటి రోజు చెప్పే పాఠం. చూస్తే అదీ అంతే పచ్చగా వెలిగింది. చిన్న ముక్కలు మైనంలో కనపడవని అక్కడ ముందే ఇయోసిన్ అనే గులాబీ రంగు చుక్క వేస్తారు. నీలికాంతిలో ఆ రంగే పచ్చగా మెరుస్తుంది. ప్రతి ముక్కకూ వేస్తామని, నేను అడగలేదు కాబట్టి చెప్పలేదని మేరమ్మ అంది.

ఆ సాయంత్రమే రిపోర్టు వచ్చింది. క్యాన్సరే, కానీ నెమ్మదిగా పెరిగేది. కోసి తీసేస్తే నయమయ్యే అవకాశం బాగా ఉంది. మర్నాడు మేరమ్మను తోడు తీసుకుని కారేపల్లి వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను.

సైదమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "మొన్న సస్తనంటివి, ఇయ్యాల బతుకుతనంటున్నవ్. రేపేమంటవ్ సారూ?"

మేరమ్మ ఆమె పక్కన కూర్చుని రిపోర్టు మొత్తం చదివి చెప్పింది. ఆపరేషన్‌కు సైదమ్మ వచ్చింది ఆ మాట మీదే. కోలుకుంది కూడా.

నా ప్రోబ్ మాత్రం మళ్లీ ప్రయోగశాల గడప దాటలేదు. నేర్చుకున్నవి రెండు. మందు వేయని స్లైడు ముందు చూడాలి. రుజువు కాని ఫలితాన్ని రోగి చెవిన వేస్తే, ఆ తర్వాత మనం చెప్పే నిజాన్ని కూడా ఆ మనిషి నమ్మదు.