అవతలి గట్టుకి వినపడాలి

శుక్రవారం పొద్దున్న పిండి రుబ్బుతుంటే ఫోన్ వచ్చింది. "టీచరుగారు ప్రభువునందు నిద్రించారండీ" అన్నారు ఏలూరాయన. ఆయన పిల్లలూ మా అమ్మాయీ టీచరుగారి దగ్గర కలిసి చదువుకుంటున్నారు. గ్రైండరు ఆపేశాను. నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా చెప్తాను, ఆవిడ దగ్గర అబద్ధం సాగేది కాదు. 'అమ్మయ్య, రేపు పాఠం అప్పజెప్పక్కర్లేదు' అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

అవును, పాఠం అప్పజెప్పాల్సింది నేనే. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషిని.

టీచరుగారు తాడేపల్లిగూడెంలో చాలా ఏళ్ళు తెలుగూ సంస్కృతమూ చెప్పి, రిటైరయ్యాక కొల్లేటి పక్కనున్న తమ ఊరు చేరారు. గ్రీకు వాళ్ళ నాన్నగారు నేర్పారట, ఆయన పాదిరి. మా గణపవరం నుంచీ, గూడెం నుంచీ, ఏలూరు నుంచీ ఆరు కుటుంబాలవాళ్ళం శనివారం శనివారం ఆవిడింటికి వెళ్ళేవాళ్ళం. అందరం పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివించుకుంటున్నవాళ్ళమే. లెక్కలూ సైన్సూ ఇంటి దగ్గర మేమే చెప్పుకుంటాం, పరీక్షలు ఓపెన్ స్కూల్లో రాయిస్తాం. శనివారం మాత్రం సంస్కృతం, గ్రీకు, ప్రార్థన, ఆ తర్వాత పులిహోర.

బడి ఎందుకు మాన్పించావని అడిగినవాళ్ళకి లెక్కలేదు. మా అమ్మాయికి రెండో తరగతిలో స్లిప్ టెస్టు అంటే వాంతులయ్యేవి. మూడో తరగతికి వచ్చేసరికి మాటే మానేసింది. ఇంట్లో అయితే గొణుగుడు, బయట అయితే తలూపడం. "పిల్లకి ఏదో అయిందనుకున్నాం గానీ, అయింది తల్లికి" అన్నారు మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. ఆయన మా చర్చిలో సంఘపెద్ద కూడా. కాబట్టి ఆ మాట ఆదివారానికల్లా ఊరంతా తిరిగొచ్చింది.

టీచరుగారింట్లో పద్ధతి వేరు. ముందు తల్లిదండ్రులు లేచి అప్పజెప్పాలి, పిల్లలు కూర్చుని వినాలి. మేం తప్పు చెప్తే దిద్దేది పిల్లలే. "పిల్లల కంటే ఒక్క పాఠం ముందుండండి చాలు. ఉండడం మాత్రం ఉండాలండీ" అనేవారు. ఏడేళ్ళ పిల్లల్ని కూడా ఆవిడ అండీ అనే పిలిచేవారు.

మూడో శనివారం నేను సంస్కృతం పాఠం, రామశబ్దం విభక్తులు, అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకెళ్ళాను. బస్సులో పట్టిన చెమటకి సగం అలికిపోయింది. "ఏవండీ, ఆ చెయ్యి అలా పట్టుకున్నారేం, దెబ్బ తగిలిందా?" అంటూ దగ్గరికొచ్చి చూశారు. నేను చచ్చిపోయాననుకోండి. తిట్టలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతిమీద ఆవిడే పోశారు.

"మనం కాపీ కొట్టి వాళ్ళని నిజం చెప్పమంటే ఎలాగండీ? ఊఁ, ఇప్పుడు చెప్పండి."

తడి చేతులతో పిల్లల ముందు నిలబడ్డాను. 'రామం, రామౌ' అని ఆగిపోయాను. ఎంత తడుముకున్నా తర్వాతది రాలేదు. అప్పుడు చాప మీది నుంచి "రామాన్" అని వినపడింది. మా అమ్మాయి. ఎనిమిది నెలల్లో నలుగురి ముందు అది అన్న మొదటి మాట. టీచరుగారు దాన్ని మెచ్చుకోనూ లేదు, నా వైపు చూడనూ లేదు. "వినపడిందా అండీ? అక్కణ్ణించి అందుకోండి" అన్నారంతే. ఆ మనిషికి నేనేం ఇచ్చి ఋణం తీర్చుకోగలను?

రామశబ్దం గురించి ఆవిడకి రెండు వైపులా వాయింపే. "క్రైస్తవ పిల్లలకి రామశబ్దం ఏవిటండీ?" అని మా బావగారు వెళ్ళి నిలదీశారు. "నోరు తిరుగుతుందండీ. మీరూ ఓసారి అనండి, దేవుడేం అనుకోడు" అన్నారట. పక్క పొలం రైతుగారు ఇంకోలా అడిగారు, మీకెందుకండీ సంస్కృతం అని. "భాషకి పట్టాదారు పాస్‌బుక్కు ఉండదండీ" అని చెప్పి, ఆయన మనవరాలిని కూడా చాప మీద కూర్చోబెట్టారు.

ఒక వేసవిలో నాకు పూర్తిగా విసుగొచ్చేసింది. చుట్టాల మాటలు, ఇంటి పని, మళ్ళీ పాఠాలు. నావల్ల కాదు, బడికి పంపేస్తానని ఫోన్లో చెప్పాను. మర్నాడు గొడుగేసుకుని బస్సు దిగారు. బతిమాలలేదు, బైబిలు వాక్యం చెప్పలేదు. కొంగు బిగించి మా గిన్నెల ముందు కూర్చున్నారు. "మీ కోసం ప్రార్థన చేస్తున్నానని అనడం సుళువండీ. గిన్నెలు కూడా తోమితే దేవుడికి నమ్మకం కుదురుతుంది. మీరు వెళ్ళి పాఠం చదువుకోండి." డెబ్భై దాటిన మనిషి నా అంట్లు తోముతుంటే నేను పక్కన కూర్చుని గ్రీకు చదివాను. ఏడుస్తూనే చదివాను.

పాఠాలన్నీ అయ్యాక పిల్లల్ని ఇంటి వెనక చేపల చెరువు గట్టు ఎక్కించేవారు. అవతలి గట్టు మీద చెరువుకి కాపలా ఉండే తాతగారు ఉంటారు. ఆయనకి చదువు లేదు. పిల్లలు ఒక్కొక్కరే నీళ్ళవైపు తిరిగి పాఠం చదవాలి, ఆయనకి వినపడితే తువ్వాలు ఎత్తి ఊపుతారు. ఊపకపోతే పైవారం మళ్ళీ చదవాల్సిందే. "నేర్చుకున్నది గొణక్కూడదండీ. అవతలి గట్టుకి వినపడాలి" అనేవారు. మా అమ్మాయి కోసం ఆ తువ్వాలు లేవడానికి రెండేళ్ళు పట్టింది.

సమాధి కార్యక్రమం అయ్యాక టీచరుగారి జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడికలో మా బావగారు లేచారు. ఆవిడ మంచితనం గురించి నాలుగు మాటలు చెప్పి, "ఆవిడే లేరు కాబట్టి ఈ శనివారాలు ఇంక ఉండవు. మా తమ్ముడి కూతురికి ఏలూరు హాస్టల్లో సీటు మాట్లాడేశాను. మిగతావాళ్ళకి కూడా మాట్లాడతాను" అన్నారు. మా ఆరు కుటుంబాలవాళ్ళూ తలలు దించుకున్నారు. మా అమ్మాయి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. పెళ్ళయిన పదమూడేళ్ళలో మా బావగారి ఎదుట నేను కుర్చీలో కూడా కూర్చోలేదు. ఆ రోజు లేచి నిలబడ్డాను.

"ఉంటాయండీ, బావగారూ."

"ఎవరు చెప్తారమ్మా?"

"మేమే చెప్తామండీ. పిల్లల కంటే ఒక్క పాఠం ముందున్నాం. సీటు వద్దని చెప్పేయండి."

అని రెండు అరచేతులూ విప్పి చూపించాను. అదెందుకో ఆయనకి తెలియలేదు. తెలిసిన ఏలూరాయన ఏడుస్తూనే ఫక్కున నవ్వారు. మా ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డారు.

ఆ తర్వాతి శనివారం అందరం టీచరుగారింటికి వెళ్ళాం. తలుపుకి తాళం వేసుంటే అరుగు మీద కూర్చున్నాం. పెద్దవాళ్ళం అప్పజెప్పాం, తప్పులు బోలెడు, పిల్లలు దిద్దారు. తర్వాత గట్టెక్కాం. మా అమ్మాయి వంతు వచ్చింది. గాలి ఎదురుగా కొడుతోంది. టీచరుగారు పోయాక కూడా మేం వస్తామని తాతగారికి ఎవరూ చెప్పలేదు. అవతల ఆయన మాకు వీపు తిప్పి కూర్చుని ఉన్నారు.

రెండు ముక్కలు చదివి, "ఆయనకి వినపడట్లేదమ్మా" అంది.

"గట్టిగా చదువు."

చదివింది. మెడ నరాలు తేలేలా, గ్రీకు, మొదటి ముక్క నుంచీ చదివింది. తుంగలోంచి కొంగలు లేచాయి. తాతగారు ఇటు తిరిగారు, నిలబడ్డారు, భుజం మీది తువ్వాలు తీసి ఎత్తారు. ఎప్పుడూ ఒకసారి ఊపి దించేసే మనిషి, మా అమ్మాయి పాఠం పూర్తి చేసేదాకా చెయ్యి దించలేదు.