బానెట్ వేడి మీద చక్రం

చలికాలం పొద్దున కొత్తగూడెంలో భద్రాచలం బస్సెక్కితే డ్రైవరు పక్కన ఇంజను బానెట్ దగ్గర సీటు దొరికింది. నా పక్కనున్న ముప్పయ్యేళ్ల మనిషి ముందుకు వంగి, కాలుతున్న బానెట్‌కు కాస్త ఎత్తులో చిన్న రబ్బరు అచ్చును రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఏంది తమ్మీ అది?" అన్నాను.

"కారు చక్రమక్కా. మా అన్న దగ్గర పాతకాలపు బొమ్మకారుంది, ముక్కలు అతికించి చేసేది. ఒక చక్రం పోయింది. పొద్దుగాల్నే అచ్చుల రెజిన్, గట్టిపడితే ప్లాస్టిక్ అయ్యే ద్రవం, పోసిన. తొందరల గట్టిపడే మందు తక్కువేసిన, ఇంకా పాకం లెక్కనే ఉంది. బానెట్ మీద పెడ్తే అదురుతది, దూరం పెడ్తే వేడి తగలదు."

అచ్చును బానెట్‌కు ఇంకాస్త దగ్గరగా దించి అన్నాడు: "అన్న భద్రాచలం దవాఖానల ఉన్నడు. డాక్టర్లు చేతులెత్తేసిన్రు. చక్రమేదిరా అని అడుగుతుండు."

అడవి రోడ్డులో గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరును "జర మెల్లగ పోనీ అన్నా" అని బతిమాలాడు. మరుక్షణమే "జల్దీ పోనీ అన్నా" అన్నాడు.

సారపాకలో అతని సెల్ మోగింది. అచ్చును నా చేతుల్లో పెట్టి ఫోనెత్తాడు.

"ఎప్పుడు పోయిండు? ఇంటికే తెస్తున్రా?"

బస్సు ఆపించి దిగి, వెనక్కి కొత్తగూడెం పోయే బస్సు కోసం రోడ్డు దాటి పరుగెత్తాడు.

"తమ్మీ, నీ చక్రం!" అని కిటికీలోంచి అరిచాను. అతను తిరిగి చూడలేదు.

గోదావరి వంతెన దాటేదాకా అచ్చును ఆ వేడి మీదే, ఒరగకుండా పట్టుకున్నాను. బస్టాండులో విప్పితే చక్రం ఎక్కడా వంకర లేకుండా గట్టిపడి ఉంది.