కాలువలో జారిపడ్డ లెన్సు

మొన్న నిజామాబాద్ బస్టాండు దగ్గర, రంగు చేపలు అమ్మే దుకాణం ముందు ఆటో కోసం నిలబడి ఉన్నప్పుడు, లోపల మేకుకు వేలాడదీసిన ప్లాస్టిక్ సంచుల్లో ఏవో ఆవగింజ కంటే చిన్నవి ఎగిరి ఎగిరి పడుతుండటం కనిపించింది. ఏమిటవి అని అడిగితే చేపలకు మేత అన్నాడు దుకాణదారు. నేను ఒక సంచిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని కళ్లద్దాలు సవరించుకుని చూశాను. నీటి ఈగలు! కాలేజీ పుస్తకాల్లో డాఫ్నియా అని రాసేవాళ్లం. నా ఇరవై రెండో ఏట రాత్రింబవళ్లు నా మనసులో ఈదులాడిన ప్రాణులు అక్కడ సంచీల లెక్కన వేలాడుతుంటే నవ్వూ వచ్చింది, దాంతోపాటు యాభై ఏళ్లు దాటిన ఒక భయమూ, అది తీరిన క్షణమూ కలిసి గుర్తొచ్చాయి. ఆటో వచ్చి వెళ్లిపోయినా నేను గమనించలేదు.

మా బాపు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ప్రయోగశాలలో సహాయకుడిగా పనిచేసేవాడు. చెరుకు రసం గాజు గొట్టాల్లో పోసి పరీక్షించడం, చక్కెర పలుకులను సూక్ష్మదర్శిని కింద చూసి పెద్దవాళ్లకు రాసిపెట్టడం ఆయన పని. తెలుగు జిల్లాలన్నీ కలిసి ఒకే రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి, నాకప్పుడు తొమ్మిదేళ్లు ఉంటాయి. ఒక ఆదివారం నన్ను వెంట తీసుకెళ్లి, ఎత్తు బల్ల మీద నిలబెట్టి, చక్కెర పలుకు చూపించాడు. అది అద్దాల మేడలా మెరిసింది. అది చూసి తృప్తి పడవలసిన పిల్లను, పడకుండా, కిటికీ బయట కాలువలోంచి ఒక చుక్క తెచ్చి పెట్టమని పట్టుబట్టాను. పెట్టాడు. ఆ చుక్కలో ఒక ఒంటికన్ను పురుగు రెండు గుడ్ల సంచులను తోకకు అటూ ఇటూ మోసుకుంటూ సర్రున అడ్డం వెళ్లింది. సైక్లాప్స్ అనే దాని పేరు నాకు తెలియడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది గానీ, నా దారి ఏదో నాకు ఆ పూటే తెలిసిందని ఇప్పుడు అనిపిస్తుంది.

డిగ్రీ అయ్యాక నిజామాబాద్‌లోనే ఒక ఆడపిల్లల కాలేజీలో ప్రయోగాలు చేసి చూపించే డెమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. తాత్కాలిక ఉద్యోగం, ఏడాదికోసారి కాగితం మీద సంతకం పడితేనే నిలిచేది. మా జంతుశాస్త్ర శాఖకు పెద్దగా ఉన్న మేడం కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, మాట తక్కువ, తప్పు పట్టడంలో మాత్రం చూపు చాలా ఎక్కువ. శాఖలో ఉన్న సూక్ష్మదర్శినులన్నింటిలో మంచిది ఒక్కటే, ఇత్తడిది, బరువైనది. దాని తాళం చెవి ఆమె కొంగున ఉండేది. గోడలకు వేలాడదీసే పటాలు హైదరాబాద్ నుంచి తెప్పించినవి చినిగిపోతే, మన దగ్గరి నీళ్లలో ఉన్నవాటినే చూసి గీస్తానని నేను అడిగాను. ఆమె రెండు రోజులు ఆలోచించి సరేనంది.

ఆ గీయడంలోని సుఖం ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఎడమ కన్ను గొట్టం మీద, కుడి కన్ను కాగితం మీద పెట్టి, రెండూ తెరిచే ఉంచాలి. మొదటి వారం తలనొప్పి, తర్వాత ఒకానొక క్షణాన ఆ రెండు దృశ్యాలు కలిసిపోయి, పురుగు కాగితం మీదికి తానే దిగి వచ్చినట్టు ఉంటుంది. నీడలు పులమకూడదు, సిరా చుక్కలతోనే వేయాలి. ఒక్క నీటి ఈగకు నాలుగైదు వేల చుక్కలు పడేవేమో, నేను ఎన్నడూ లెక్కపెట్టలేదు. దాని ఒళ్లు గాజులా ఉంటుంది కనుక లోపలి గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది, తిన్న ఆకుపచ్చ నాచు పేగులో దిగడం కనిపిస్తుంది. ఒక ప్రాణి ఏదీ దాచుకోకుండా మన ముందు బతుకుతుంటే, చూస్తున్నంతసేపూ మనకూ మనసులో ఏ దాపరికమూ ఉండదు.

దసరా సెలవులకు ఆ ఇత్తడి సూక్ష్మదర్శినిని మా మేనత్త ఊరికి తీసుకుపోనిమ్మని అడిగాను. నీళ్లు సీసాల్లో కాలేజీకి తెచ్చేసరికి ఎండకు సగం ప్రాణులు చచ్చిపోతున్నాయి, కాలువ పక్కనే కూర్చుంటే బతికినవాటిని గీయొచ్చు అన్నది నా వాదన. మేడం పెట్టెను తానే సర్ది, లెన్సులు ఒకటొకటిగా చూపించి, పెద్ద లెన్సు పోతే మళ్లీ తెప్పించడం తన చేతిలో లేదని మాత్రం చెప్పింది. అంతకంటే బెదిరింపు అక్కర్లేదు.

రుద్రూర్ దగ్గర మా మేనత్తకు చెరుకు తోట ఉండేది. మామ పోయాక ఆమే నడుమున చెంగు దోపుకుని సేద్యం చేసుకునేది. నిజాంసాగర్ కాలువ నుంచి వచ్చే పిల్లకాలువ ఆమె చేను అంచునే పోయి పక్క చేలోకి దిగేది. నాకు పెద్దాయనే గానీ అత్త కంటే చిన్నవాడైన ఆ పక్క చేను ఆసామికీ మా అత్తకూ రెండు చేల మధ్య గెట్టు పంచాయితీ. గెట్టును ఎవరు ఎన్ని మూరలు జరిపారన్న దాని మీద ఆరేళ్లుగా మాటల్లేవు. ఎదురుపడితే ఒకరు చెరుకు వైపు, ఒకరు ఆకాశం వైపు చూసుకుంటూ పోయేవారు.

నేను కాలువ గట్టు మీద పీట వేసుకుని, దాని మీద సూక్ష్మదర్శిని నిలబెట్టి మూడు రోజులు స్వర్గంలో ఉన్నాను. రోటిఫర్లని, చక్రాలు తిప్పుతున్నట్టు నోటి చుట్టూ వెంట్రుకలు ఆడించే ప్రాణులు ఉంటాయి, వాటికి పెద్ద లెన్సే కావాలి. నాలుగో రోజు మధ్యాహ్నం ఆ లెన్సు మీద తేమ పట్టినట్టుంటే తుడుద్దామని మర తిప్పి విప్పాను. వేళ్లకు చెమట. అది జారి, పీట అంచుకు తగిలి, గట్టు మీద రెండు పొర్లు పొర్లి కాలువలో పడింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. బురద నీళ్లు దాని మీదుగా ఏమీ జరగనట్టే పోతున్నాయి.

నేను అరవలేదు, ఏడవలేదు, గట్టు మీద అలాగే కూర్చుండిపోయాను. ఉద్యోగం పోతుంది, అది ఒకటి. పిల్లలకు వచ్చే ఏడాది చూడటానికి ఏమీ ఉండదు, అది ఇంకొకటి. అన్నిటికంటే, ఆడపిల్లల చేతికి వస్తువు ఇవ్వకూడదని మేడంను ఎవరో ఒకరు అంటారు, నా వల్ల ఆమె ఆ మాట పడుతుంది. కలుపు తీస్తున్న అత్త నా వాలకం చూసి వచ్చింది. పోయిన వస్తువు ఏమిటో ఆమెకు అర్థం కాలేదు, నా మొహం మాత్రం అర్థమైంది. నీళ్లు పారుతుంటే వెతకలేం, ఆపాలి. అయితే ఆ రోజు నీళ్ల వంతు పక్క చేనుది. ఆ వంతు పోతే మళ్లీ ఎనిమిది రోజులకు గాని రాదు, ఆయన తోట అప్పటికే ఎండుమొహం పట్టి ఉంది.

అత్త చేతులు కడుక్కుని, చెంగు తలమీదికి లాక్కుని, గెట్టు దాటింది. ఆమె ఆ గెట్టు దాటడం ఆరేళ్లలో అదే మొదలు. నేను వెనకాలే వెళ్లాను.

"తమ్మీ, జర నీళ్లు కట్టెయ్యి. మా బిడ్డ నౌకరి నీళ్లల్ల వడ్డది."

పెద్దాయన పార మీద చేతులు పెట్టి నిలబడ్డాడు. అత్త ముఖం చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు.

"ఎంత సేపు గావాలె అక్కా?"

"దొరికేదాక."

ఆయన మరి ఏమీ అడగకుండా పార భుజాన వేసుకుని తూము వైపు నడిచాడు. కాసేపటికి కాలువలో నీళ్లు సన్నగిల్లి, పాదాల లోతుకు, ఆ తర్వాత వేళ్ల లోతుకు దిగాయి. ఆయనా, ఆయన భార్యా, కలుపుకు వచ్చిన ముగ్గురు ఆడవాళ్లూ, అత్తా, నేనూ, ఏడుగురం కాలువలో వంగాం. పారలు పెడితే అద్దం గీసుకుపోతుందని చెబితే అందరూ వాటిని పక్కన పెట్టి చేతులతోనే బురద తీసి జల్లెడలో వేసి, నీళ్లతో మెల్లగా కడిగారు. నత్తగుల్లలు వచ్చాయి, ఒక పాత గాజుముక్క వచ్చింది, పగిలిన లెన్సేమోనని తీసుకుని తుడిచి చూశాను. ఎండ వాలింది. నాకు ఆశ పోయింది గానీ, ఇంక చాలు అనే ధైర్యం కూడా లేదు, ఎందుకంటే పక్కన ఆ పెద్దాయన తన ఎండుతున్న తోట వైపు ఒక్కసారి కూడా చూడకుండా వెతుకుతున్నాడు.

ఆయన భార్య, మా అందరికంటే కిందుగా, నాచు గుబురుగా పెరిగిన చోట చెయ్యి పెట్టి ఆగింది. "గిదేనా బిడ్డా, సూడు" అంటూ తడి అరచేయి తెరిచింది. నాచు వేళ్లలో చిక్కుకుని ఉండటం వల్ల అద్దానికి ఒక గీత కూడా పడలేదు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది నాకు. అత్త నా వీపు మీద బురద చెయ్యి పెట్టి నిలబడింది. ఆ రవిక మీది మరక ఉతికినా పూర్తిగా పోలేదు.

ఇంత గోస పెట్టిన ఆ వస్తువుతో ఏం చూస్తావో మాకూ చూపించమన్నారు. తడిసిన లెన్సును గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, చిన్న లెన్సు బిగించి, అదే నాచులోంచి ఒక చుక్క తీసి పెట్టాను. నీటి ఈగ దొరికింది. ముందు అత్త ఒక కన్ను మూసుకోవడం రాక, అరచేత్తో మూసుకుని వంగింది. చాలా సేపు లేవలేదు.

"ఇది కడుపుతోనున్నదే. లోపట పిల్లలు కదులుతున్నయి."

నిజమే, దాని వీపు సంచిలో ఆరేడు పిల్లలు, ఒక్కోదానికి నల్లటి కన్నుతో సహా, కదులుతున్నాయి. నేను వారాలుగా గీస్తూ గర్భకోశమని పేరు రాసుకున్నదాన్ని ఆమె ఒక్క చూపుతో గుర్తుపట్టింది. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చూశారు. ఆఖరున పెద్దాయన తలపాగా తీసి పక్కన పెట్టి చూశాడు.

"గీ నీళ్లే సిన్నప్పటి సంది తాగుతున్న. గిండ్ల గింత పెద్ద ఊరున్నదని ఎవ్వలు సెప్పలే."

తూము మళ్లీ తెరిచారు గానీ ఆయన వంతు దాదాపు అయిపోయింది. మర్నాడు అత్త తన వంతు నీళ్లు ఆయన చేలోకి మళ్లించింది. గెట్టు సంగతి ఆ తర్వాత ఎన్నడూ తేలలేదు, ఎవరూ తేల్చమని అడగనూ లేదు.

అంతటితో నా భయం తీరలేదు. లెన్సు లోపల పొగమంచు కమ్మినట్టు ఉంది, ఏది చూసినా మసక. నిజామాబాద్ గంజ్ దగ్గర ఫోటో స్టూడియో నడిపే ఒక పెద్దమనిషి మా బాపుకు పాత దోస్తు, నేను చాచా అని పిలిచేదాన్ని. తాతల నాటి నుంచి ఆ ఊళ్లోనే ఉన్న కుటుంబం, కెమెరా అద్దాల గురించి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదని ప్రతీతి. ఆయన లెన్సును కంటి దగ్గర పెట్టుకుని, వెలుతురుకు తిప్పి తిప్పి చూశాడు.

"షీషా సలామత్ ఉన్నది బేటీ, ఒక్క గీత వడలే. లోపట జర తడి పట్టింది, గంతే. పరేషాన్ గాకు."

వానకాలంలో తన కెమెరా అద్దాలు దాచుకునే బియ్యం డబ్బాలోనే దాన్నీ పెట్టి మూడు రోజుల తర్వాత రమ్మన్నాడు. నేను రోజూ వెళ్లి స్టూడియో మెట్ల మీద కూర్చునేదాన్ని. మూడో రోజు లెన్సు పట్టుతో తుడిచినట్టు నిర్మలంగా వచ్చింది. నేను వెంట తెచ్చుకున్న సూక్ష్మదర్శినికి బిగించి, సీసాలో పట్టి తెచ్చిన కాలువ నీళ్లలో రోటిఫర్‌ను చూశాను. దాని చక్రాలు, ఒక్కొక్క వెంట్రుకా తెలిసేటట్టు, తిరుగుతున్నాయి. భయమంతా దిగిపోయి, మీరూ చూడండని చాచాను పిలిచాను.

చాచా తానూ చూసి, దీన్ని ఫోటో తియ్యకుండా వదలనన్నాడు. పెళ్లికొడుకుల ముఖాలు, పాస్‌పోర్టు ముఖాలు తీసి తీసి విసిగిన మనిషి. కెమెరా ముందు అద్దం విప్పేసి, అట్టతో గొట్టం చుట్టి, సూక్ష్మదర్శిని మీద బోర్లించి, సందుల్లో నల్లగుడ్డ కుక్కాడు. వెలుతురు కోసం ఎండ పడే అరుగు మీద పెట్టాం. నీటి ఈగ క్షణం నిలబడదు. మొదటి రెండు ఫోటో ప్లేట్లు మసకే. చివరికి ఫోటోలు అతికించే బంకలోంచి ఒక్క చుక్క నీళ్లలో కలిపితే అది కాస్త నెమ్మదించింది, మూడో ప్లేటు మీద గుండెతో, గుడ్లతో, కంటితో సహా నిలిచింది. ఆ ఫోటోను ఆయన స్టూడియో కిటికీలో పెళ్లిజంటల మధ్య పెట్టాడు. అది ఎవరి ఛాతీ ఎక్స్‌రే అని అడిగినవాళ్లే ఎక్కువ.

సెలవుల తర్వాత పెట్టె అప్పగించేటప్పుడు మేడంకు చెప్పాలా వద్దా అని దారంతా కొట్టుకున్నాను. చెప్పేశాను. ఆమె లెన్సు బిగించి, చాలాసేపు చూసి, తల ఎత్తింది.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. చెప్పావు కనుక వచ్చే సెలవులకీ తీసుకెళ్లు."

నేను గీసిన పటాలు ఆ గోడలకు పదేళ్ల పైన ఉన్నాయి. నా ఉద్యోగమూ, సంతకాల బాధ తప్పి, ఖాయమైంది.

ఈ మధ్య ఆ దారిన వెళ్లినప్పుడు దిగి చూశాను. అత్త లేదు, పెద్దాయన లేడు. ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరుకు పోయి మక్కజొన్నా సోయా వచ్చాయి. కాలువకు అడుగు దాకా సిమెంటు పోశారు, నాచు పట్టే చోటే లేదు. ఇప్పుడు ఎవరి చేలో వారికి బోరు ఉంది. బటన్ నొక్కితే నీళ్లు, వంతుల కోసం కాచుకునే బాధ లేదు, మంచిదే. ఆ గెట్టు మీద కాసేపు నిలబడ్డాను. రెండు చేలలోనూ మోటార్లు పోస్తున్నాయి, మనిషి అలికిడి లేదు. నీళ్ల కోసం పక్కవాడిని అడగవలసిన అవసరమే పోయిన చోట, అడిగితే తమ వంతు నీళ్లు ఆపుకోగలిగిన మనుషులు ఉన్నారో లేరో తెలుసుకునే వీలు కూడా లేకుండా పోయింది కదా అనుకుంటూ, తిరిగి రోడ్డు వైపు నడిచాను.