ఎడమ జేబు తాళం

జనార్దనం శెట్టి ఎడమ జేబుకు తాళం ఉండేది. జేబు అంచుకు రెండు ఇత్తడి రింగులు కుట్టించి, గోరంత తాళం తగిలించి, దాని చెవి జంధ్యానికి కట్టుకున్నాడు. కుడి జేబు మాత్రం నోరు తెరుచుకుని ఉండేది. అందులోది సొంత డబ్బు, పోతే పోనీ. ఎడమ జేబు అనసూయది.

అనసూయ ఆయన స్నేహితుడి కూతురు. ఆ స్నేహితుడు ఆళ్లగడ్డలో చనిపోతే, పిల్లకు ఇరవై ఒకటి నిండేదాకా ఆస్తి చూడమని 1953లో జిల్లా కోర్టు శెట్టిని గార్డియనుగా వేసింది. ఎనిమిదెకరాల చేను, నాలుగు చింతచెట్లు. ఏటా లెక్క చూపాలి. నంద్యాలలో ఆయన పక్కింట్లో ఉన్నందుకు, బి.ఏ. చదివినందుకు, ఆ లెక్క ఇంగ్లీషులో రాసే పని నా మెడకు చుట్టుకుంది. పరాయి సొమ్ము పవిత్రం అనేవాళ్లను నేను నమ్మను. ఈయనది పవిత్రత కాదు, వట్టి భయం. భయాన్ని నమ్మొచ్చు.

"కలిస్తే జైలేనప్పా. పాప అణా వచ్చి నా అణా పక్కన పండుకున్నా జైలే" అనేవాడు.

ఒకసారి ఆళ్లగడ్డ బస్సులో రెండు అర టిక్కెట్లు అడిగాడు.

"పిల్లోళ్లు యాడ?" అన్నాడు కండక్టరు.

"పిల్లోళ్లు లేరు, నేనే. పాప చేను చూడను పోతాండా. ఆడే నా అంగడికి శెనక్కాయలు కొనను పోతాండా. ఖర్చు చెరి సగం."

"దిగేటప్పుడు ఏ ముక్క ముందు దిగుతాదో చెప్పు శెట్టీ."

బస్సంతా నవ్వింది. శెట్టి మాత్రం ఒక్కో టిక్కెట్టు ఒక్కో జేబులో వేసి, ఎడమదానికి తాళం వేశాడు.

మరో ఏడు గాలివానకు ఒక చింతచెట్టు కూలింది. కౌలుదారు మునిస్వామి రెండు మూటల చింతపండూ, ఆ మాను కట్టెలు అమ్మిన డబ్బూ తెచ్చి ముందు పెట్టాడు. శెట్టి మూటలను ఒకవైపు, డబ్బును ఒకవైపు జరిపాడు.

"పండు రాబడి. ఏటేటా కాస్తాది. పాప తిండికి, చదువుకు వాడుకోవచ్చు. మాను అసలు. పోయిన మాను మళ్లా కాయదు. జడ్జి చెప్పందే ఆ దుడ్లు ముట్టుకోగూడదు."

"అన్నీ ఒక చెట్టువే గదన్నా."

"అట్లనుకునే మనుషులు జైలుకు పోయేది."

ఇంట్లో చారుకు చింతపండు లేదు. భార్య వాసవాంబ మూటలోంచి చిన్న ఉండ తీయబోతే అడ్డం నిలబడ్డాడు.

"డబ్బిచ్చి కొంటానయ్యా" అందామె.

"గార్డియను ఇంటోళ్లు కొనగూడదు."

మూటలు బజారులో ఒక అంగట్లో అమ్మేసి, సాయంత్రం అదే అంగట్లో అదే పండు ఎక్కువ ధరకు కొనుక్కొచ్చాడు.

లెక్క కోర్టుకు వెళ్లే ప్రతి జనవరిలోనూ ఆయన చంకలో ఒక మూట ఉండేది. దుప్పటి, చెంబు, వేపపుల్లలు. "జైల్లో ఇస్తారో లేదో" అనేవాడు. ఏటా లెక్క పాసయ్యేది. ఏటా మూట ఇంటికి తిరిగొచ్చేది.

1958లో వాన తప్పింది, చేను ఎండింది. అప్పటికి అనసూయ గుంటూరులో డాక్టరు చదువుతోంది. నంద్యాలకు వచ్చి కూర్చుంది.

"ఒక ఎకరం అమ్ముతామని కోర్టును అడుగు మామా. ఫీజు కట్టకుంటే పేరు కొట్టేస్తారు."

"అది అసలు. నేనడగను."

"నీ భయానికి నా చదువు పోతాండాది" అని ఆ పిల్ల వెళ్లిపోయింది. శెట్టి మీద నాకు ఒళ్లు మండింది.

ఏడాది చివర లెక్క రాస్తుంటే ఫీజు కట్టినట్టే ఉంది. ఏడు వందల రూపాయలు "ఇతర రాబడి" అని రాయమన్నాడు. దేన్నుంచి అని అడిగితే "రాయప్పా" అన్నాడు. ఆ ఏడే ఆయన అంగడికి శెనక్కాయలు, పత్తి కొనడం మానేశాడు, అంగడి సగం ఖాళీ. ఆయనే చితికిపోయాడు, మరి ఆ డబ్బు పిల్ల చెట్లను గుట్టుగా తెగనమ్మిందేనా? రాసింది నా చేత్తోనే. నాకూ నిద్ర పట్టలేదు.

1959 జనవరి. అనసూయకు ఇరవై ఒకటి నిండాయి. ఇది ఆఖరు లెక్క. ఇది పాసైతే శెట్టికి విడుదల, లేకపోతే మూటకు పని.

జడ్జిగారు ఒక పుట దగ్గర ఆగారు. "ఈ ఏడు వందలు ఎక్కడివి?"

అది నేను రాసిన పుటే. ముందు బల్ల మీద అనసూయ కూర్చుని ఉంది. శెట్టి మూట విప్పి, దుప్పటి తీసి భుజాన వేసుకున్నాడు.

"కలిపినాను సార్. రాబడి లేదు. అసలును ముట్టుకోలే. పాప చదువు నిలిచిపోతాదని నా కుడి జేబు దుడ్లు ఎడమ జేబులో వేసినా. తప్పే. పోదాం పదండి."

జడ్జిగారు ఆ అంకె కింద గీత గీశారు. "శెట్టిగారూ, ఈ వైపు కలిపినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. 'ఇతర రాబడి' కొట్టేసి, గార్డియను ఇచ్చినదని దిద్దండి. కావాలంటే ఆస్తిలోంచి తిరిగి తీసుకోవచ్చు."

"యాన్నుంచి సార్? చేను అమ్మాల. అది అసలు."

లెక్క పాసైంది.

చేను అప్పగించడానికి నంద్యాలలో ముగ్గురం ఆళ్లగడ్డ బస్సెక్కాం. అదే కండక్టరు.

"ఈపొద్దు ఎన్ని ముక్కలు శెట్టీ?"

అనసూయ డబ్బు తీసింది. "మామకు నిండు టిక్కెట్టు. నా దుడ్లు."

శెట్టి భయంగా నావైపు వంగాడు. "తీసుకోవచ్చునాప్పా?"

"తీసుకోండి. కోర్టు అయిపోయింది."

టిక్కెట్టు పట్టుకుని రెండు జేబులనూ మార్చి మార్చి చూసుకున్నాడు. చివరికి ఎడమ జేబులో పెట్టి తాళం వేశాడు. కిటికీలోంచి చలిగాలి కొడుతుంటే అనసూయ ఆయన భుజం మీది ఆ జైలు దుప్పటి లాక్కుని కప్పుకుంది. దానికి మాత్రం ఆయన రశీదు అడగలేదు.